అరవై ఎనిమిదో దెబ్బ

మరియదాసు ఆ గురువారం పొద్దున్న వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికల్లా నిచ్చెన వెయ్యాలి. మధ్యాహ్నానికల్లా తుప్పు గీకెయ్యాలి. తుప్పు మందు రాసి ఆరబెట్టాలి. పొద్దుగూకి మంచు పడేలోపల ఎర్ర ప్రైమరు పూత పడిపోవాలి. అంతే. అందులో ఊరి పెద్దమనిషిని చంపడం అనేది ఎక్కడా లేదు.

చింతగుంటపాలెం పర్చూరుకి ఆరు మైళ్ళ దూరం. చుట్టూ మిరపతోటలు, పత్తిచేలు, ఊరి మొదట్లో చర్చి. చర్చి ముందు ఇరవై అడుగుల ఇనుప స్తంభం ఉంది. నాలుగు కాళ్ళు, పైన అడ్డంగా ఒక దూలం, ఆ దూలానికి రెండు మిర్చి బస్తాల బరువుండే కంచు గంట. వచ్చే ఆదివారం చర్చికి డెబ్బై అయిదేళ్ళ పండగ. ఆ రోజుకి స్తంభం ధగధగా మెరవాలని సంఘపెద్ద జోసఫ్ మాస్టారి పట్టుదల. మెరిసినా మెరవకపోయినా దానికి తుప్పు వదలాలని మరియదాసు పట్టుదల. రెండూ ఒకటే అనుకునేరు, కావు.

మరియదాసు ఇరవై ఏళ్ళుగా ట్రాక్టరు ట్రక్కులకి రంగులు వేస్తున్నాడు, దుకాణాలకి బోర్డులు రాస్తున్నాడు. మంచి పనివాడు. కానీ మూడేళ్ళ కిందట ఒక తప్పు చేశాడు. క్రిస్మస్ రెండు రోజులుందనగా మాస్టారు తొందరపెడితే మొహమాటానికి పోయి, తుప్పు గీకకుండానే చర్చి గేటుకి నీలం రంగు పూసేశాడు. పండగనాడు గేటు పెళ్ళికూతురులా ఉంది. జూన్‌లో మొదటి వానకి బుడగలు లేచింది, రెండో వానకి అట్టలు అట్టలుగా ఊడింది. తొందరపెట్టిన నోరు ఎవరికీ గుర్తులేదు గానీ, రంగు వేసిన చెయ్యి మాత్రం ఊరందరికీ గుర్తుండిపోయింది. అప్పట్నుంచి అతని పేరు గేటు మరియదాసు. ట్రక్కులు కూడా ఒక్కొక్కటే ఊళ్ళో ఇంకో పెయింటరు బుల్లయ్య షెడ్డు వైపు తిరిగాయి. ఈ స్తంభం బాగా చేసి ఆ పేరు చెరిపేసుకోవాలని మూడేళ్ళుగా అతని ప్రాణం కొట్టుకుంటోంది.

ముందురోజు సాయంత్రం స్తంభం కిందే మాస్టారికీ అతనికీ పెద్ద వాదన జరిగింది.

"ఒరే, పైన రంగు వేశాక లోపల తుప్పు ఎవడికి కనపడుద్దిరా?" అన్నాడు జోసఫ్ మాస్టారు.

"కనపడదండి. అదే దాంతో వచ్చిన బాధ. తుప్పు మీద రంగు వెయ్యడమంటే పుండు మీద పౌడరు కొట్టడం మాస్టారూ. పైకి బాగానే ఉంటది, లోపల తింటానే ఉంటది."

"నాకు పాఠం చెప్పకు. నీకు అ ఆలు దిద్దించినవాణ్ణి. రేపు ఒక్కరోజు ఇస్తన్నా. సాయంత్రానికి దీనిమీద కొత్త పూత కనపడాలి. కనపడలేదా, ఎల్లుండి బుల్లయ్య ఎక్కుతాడు. వాడు పూటలో పని అవగొడతానన్నాడు, తెలుసా?"

"పూటలో అవగొట్టింది పూటే ఉంటదండి."

"నోరు ముయ్. ఇంకోమాట. పనిరోజున గంట మోగితే ఊరంతా గాభరా పడుద్ది. దాని నాలిక్కి గోనెపట్టా చుట్టి గట్టిగా కట్టెయ్. నేను పొద్దున్నే ఒంగోలు పోతున్నా, ఫ్లెక్సీ తేవాలి."

ఆ రాత్రి అన్నం తింటూ మరియదాసు ఉక్రోషం ఆపుకోలేక, "ఈ మాస్టారు ఉన్నన్నాళ్ళూ ఈ ఊరికి తుప్పు వదలదే!" అన్నాడు. భార్య శాంతి చెంపలు వేసుకుని, "తప్పయ్యా, పెద్దాయన్ని అట్టా అనకూడదు," అంది. ఆ మాట తెల్లారి అతని గొంతుకే అడ్డం పడుతుందని ఇద్దరికీ తెలియదు.

ఇక్కడ ఆ ఊరి ఆనవాయితీ ఒకటి చెప్పుకోవాలి. ఆరాధనకైతే గంటని తాడు పట్టి లాగుతారు, ఠంగు ఠంగుమని ఉల్లాసంగా మోగుతుంది. మనిషి పోతే అలా కాదు. గంట నాలిక్కి గుడ్డ చుట్టి కట్టేసి, బయటినుంచి సుత్తితో ఒక్కొక్క దెబ్బే, నిదానంగా, మూగగా కొడతారు. పోయిన మనిషికి ఎన్నేళ్ళో అన్ని దెబ్బలు. ఏ కాలపు మిషను దొరగారు పెట్టిన అలవాటో గానీ, పొలంలో ఉన్నవాళ్ళు కూడా లెక్కపెట్టుకుని పోయిందెవరో కనిపెట్టేస్తారు. డెబ్బై అయిదేళ్ళలో ఆ గంట ఒక్కసారీ తప్పు లెక్క చెప్పలేదు.

మరియదాసుకి ఈ సంగతి తెలియక కాదు. అతని తల్లికీ తండ్రికీ ఆ దెబ్బలు విన్నవాడే. కానీ తను కొట్టబోయేది గంటని కాదు కదా, స్తంభం కాళ్ళని!

పొద్దున్నే శాంతి మిరపకాయల కోతకి వెళ్తూ అతని చేతిలో ఇంత దూది పెట్టింది. "చెవుల్లో పెట్టుకో. ఒక చెవి ఇప్పటికే గ్రైండరు మింగింది, రెండోది నా మాట వినడానికన్నా ఉంచు," అంది. కొత్త పత్తి, చేలోంచి తెచ్చింది. దాన్ని రెండు చెవుల్లోనూ కూరాడంటే లోకం మీద తలుపు వేసినట్టే. మొహానికి తువ్వాలు చుట్టాడు. మాస్టారు చెప్పినట్టే నిచ్చెనెక్కి గంట నాలిక్కి గోనెపట్టా చుట్టి, పురికొసతో బిగించి కట్టాడు. కిందికి దిగి సుత్తి అందుకున్నాడు.

అతనికి పని నేర్పిన గురువు ఒక పద్ధతి చెప్పాడు. గీకబోయే ముందు ఇనుముని పరీక్షించాలి. ఎడమ అరచెయ్యి ఇనుముకి ఆనించి, కుడిచేత్తో చిన్న సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాలి. మంచి ఇనుమైతే అరచేతిలోంచి మోచేతిదాకా జివ్వుమంటుంది. చచ్చిన ఇనుమైతే ఏమీ తెలియదు. చెవి మోసపోతుంది గానీ అరచెయ్యి మోసపోదు అనేవాడాయన. ఆ జివ్వు పూర్తిగా ఆగేదాకా ఉండాలి, సుద్దముక్కతో గుర్తు పెట్టాలి, అప్పుడు జానెడు పైకి జరగాలి, మళ్ళీ ఒక్క దెబ్బ. తొందర పనికిరాదు. మరియదాసు దైవప్రార్థన కూడా అంత శ్రద్ధగా ఎన్నడూ చెయ్యలేదు.

అతని అరచేతికి జివ్వుమన్నది అక్కడితో ఆగలేదు. కాళ్ళ వెంబడి పైకి పాకింది, దూలంలోకి వెళ్ళింది, గంటలో దూరి, నాలిక కట్టేసిన ఆ గంట చేత "బొం..." అనిపించింది. అరనిమిషం ఆగి మళ్ళీ "బొం..." ఊరంతా వినపడింది. వినపడనివాడు ఒక్క మరియదాసే.

ఊరి బయట సుబ్బరావమ్మగారి మిరపతోటలో పాతికమంది ఆడవాళ్ళు కాయలు కోస్తున్నారు. మొదటి దెబ్బకి శాంతి చెయ్యి ఆగిపోయింది. రెండో దెబ్బకి అందరూ నడుములెత్తారు.

"ఎవరో పోయారే అమ్మా," అంది సుబ్బరావమ్మ గట్టు మీంచి. ఆవిడ గుళ్ళో దీపం పెట్టే మనిషి, అయినా నలభై ఏళ్ళుగా ఆ గంట లెక్క ఆవిడకీ అలవాటే. "మాట్లాడకండి, లెక్క తప్పుద్ది."

ఒక్కో దెబ్బకి ఒక్కో మిరపకాయ చొప్పున శాంతి ఒళ్ళో వేసుకుంటూ పోయింది. ఇరవై దాటింది, పిల్లాడు కాదులే అని కొందరు ఊపిరి పీల్చారు. నలభై దాటింది. యాభై దాటేసరికి వయసు మళ్ళిన వాళ్ళున్న ఇళ్ళల్లో గుండెలు దడదడలాడాయి. ఊళ్ళో నతానియేలు తాత డెబ్బై అయిదేళ్ళవాడు. దగ్గుతో మంచంలో ఉన్నాడు. అరవై రెండు, అరవై మూడు అని వేళ్ళు మడుస్తూ, "నేనింకా ఇక్కడే ఉన్నా కదరా," అని తన ఒళ్ళు తనే తడుముకున్నాడట. అరవై ఎనిమిది దగ్గర దెబ్బ ఆగింది. తాత మంచంలోంచి లేచి కూచుని, "స్తోత్రం ప్రభువా, నేను కాదు," అని కాఫీ అడిగాడు.

తోటలో శాంతి ఒళ్ళో కాయలు లెక్కేసింది. "అరవై ఎనిమిది."

"అరవై ఏడే," అంది సుబ్బరావమ్మ.

"కాదమ్మగారూ, కాయలు చూడండి, ఇవిగో." ఇద్దరూ రెండోసారి లెక్కేశారు. అరవై ఎనిమిదే. శాంతి మొహం పాలిపోయింది. "అరవై ఎనిమిదేళ్ళంటే మన జోసఫ్ మాస్టారు కదూ? మొన్న చర్చిలో కేకు కోశాడు, దాని మీద రాసుంది."

అంతే. కోత ఆగిపోయింది. సుబ్బరావమ్మ ఫోను తీసి మాస్టారికి కొట్టింది. ఎత్తలేదు. ఎత్తడానికి ఫోను ఆయన జేబులో ఉంటేగా! అది ఇంట్లో కిటికీ దగ్గర చార్జింగులో ఉంది. ఆయన భార్య జయకుమారి పెరట్లో రోటి ముందు కూచుని గోంగూర పచ్చడి నూరుతోంది. ఊళ్ళో ఇరవై రెండుమంది ఫోన్లు చేశారు, ఇరవై రెండుమందికీ జవాబు లేదు. ఇంకేం రుజువు కావాలి?

చర్చి వైపు వెళ్ళి అడుగుదామని ఇద్దరు బయల్దేరారు. దూరంనుంచే కనపడింది: గంట నాలిక్కి గోనెపట్టా, నిచ్చెన మీద మొహానికి తువ్వాలు చుట్టుకుని, చేతిలో సుత్తితో మరియదాసు. "గంట కొట్టే మనిషి ఊళ్ళో లేడుగా, పాపం ఇతను ఎక్కాడు," అనుకుని అక్కణ్ణుంచే వెనక్కి తిరిగారు. పాస్టరుగారు ఆ రోజు వేరే ఊరి ప్రార్థనకి వెళ్ళాడు, కాదని చెప్పే దిక్కు లేదు. శవం ఒంగోలునుంచి వస్తోందన్నారు. ఒంగోలు బస్టాండులో గుండె పట్టుకుని కూలబడ్డాడన్నారు. కాసేపటికి ఆయన చేతిలో సోడాసీసా కూడా వచ్చింది. శామియానావాడు పందిరి వేసేశాడు. పర్చూరులో శవప్పెట్టెకి చెప్పారు. నలుగురు పారలు పట్టుకుని సమాధుల దొడ్డికి పోయి గొయ్యి తవ్వడం మొదలుపెట్టారు.

ఇంతకీ మరియదాసు అరవై ఎనిమిదో దెబ్బ దగ్గర ఎందుకు ఆగాడు? ఆ దెబ్బ పైన, దూలం కాలి మీద కూచునే మూల మీద పడింది. అరచేతికి జివ్వుమనలేదు. పైగా సుత్తి మూతి లోపలికి దిగిపోయింది. అతను సుత్తి వెనక్కి లాగితే ఆ కన్నంలోంచి తుప్పు కారప్పొడిలా జలజలా రాలింది. మరియదాసు సుత్తి నడుముకి దోపుకున్నాడు. చేత్తో చుట్టూ గీకి చూశాడు. నలభై ఏళ్ళ రంగులు అట్ట మీద అట్ట ఉన్నాయి. ఇనుము ఆకారం ఉంది, ఇనుము లేదు. అంత బరువు గంట కేవలం పెయింటు మీద ఆధారపడి వేలాడుతోంది!

"ప్రభువా, ఆదివారం దీని తాడు లాగుతారయ్యా!" అని పైకే అన్నాడు. మోకు తెచ్చి దూలాన్ని మిగిలిన కాళ్ళకి కలిపి నాలుగు చుట్లు బిగించాడు. దాదాపు రెండు గంటలు పట్టింది. దిగి మనుషుల కోసం చూస్తే వీధిలో పురుగు లేదు. మాస్టారింటికి వెళ్ళి, అమ్మగారి చేత ఒంగోలు కబురు పెట్టిద్దామని, ఊడొచ్చిన రంగు పెచ్చు ఒకటి జేబులో వేసుకుని పరుగందుకున్నాడు.

మాస్టారింటి ముందు పందిరి. పందిరి కింద ఊరు. అందరి నోళ్ళూ తెరుచుకుని ఉన్నాయి, అతనికి మాత్రం ఏమీ వినపడటం లేదు. పండగ పాటలు నేర్చుకుంటున్నారు కాబోలు అనుకుని చెవుల్లో దూది తీశాడు. ఒక్కసారిగా గొల్లుమన్న ఏడుపు.

"ఏమైంది తాతా?" అని ముందు కుర్చీలో ఉన్న నతానియేలుని పట్టుకున్నాడు. తాతకి చూపు ఆనదు, అడిగిందెవరో తెలియదు.

"మన జోసఫు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు నాయనా! నాకంటే ఏడేళ్ళు చిన్న. వరస తప్పించి పోయాడు."

మరియదాసు అక్కడే కూలబడిపోయాడు. రాత్రి తనన్న మాట గొంతులో ముల్లులా దిగింది. "అయ్యో మాస్టారూ! నా పాపిష్టి నోరు! తుప్పు వదలదని అన్నానే గానీ మిమ్మల్ని పొమ్మన్నానా? ఇప్పుడు నేను ఎవరితో పోట్లాడాలయ్యా!" అని నేలకి తలకొట్టుకుని ఏడ్చాడు. కన్నకొడుకు కూడా అంత ఏడవడని చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. శాంతి వచ్చి భుజం పట్టుకుంది, ఆవిడకీ ఏడుపు ఆగలేదు.

జయకుమారి ఒక్కత్తే ఏడవలేదు. వసారాలో, పచ్చడి అంటిన పొత్రం చేత్తో అలాగే పట్టుకుని కూచుంది. "పొద్దున్న ఐదిడ్లీలు తిని వెళ్ళారు. మనిషికేం కాలేదు. నాకు కళ్ళతో చూపించేదాకా నేను నమ్మను," అంటోంది. అని, కాసేపాగి, "ఆరోది వేస్తానంటే వద్దన్నారు. ఎన్నడూ వద్దనరు," అంటోంది. కళ్ళు మాత్రం వీధి మలుపు వైపే ఉన్నాయి.

అప్పుడు మాబు ఆటో వచ్చి ఆగింది. వెనకాల ఎనిమిదడుగుల చుట్ట ఉంది. పందిరి చూసి పండగ హడావిడి అనుకున్నాడో ఏమో, మాబు హుషారుగా ఇద్దర్ని పిలిచి చుట్ట విప్పించాడు. ఫ్లెక్సీ నిండా జోసఫ్ మాస్టారు. తెల్లచొక్కా వేసుకుని, రెండు చేతులూ జోడించి, నిండుగా నవ్వుతున్నాడు. ఇంకేముంది! ఏడుపు ఆకాశానికంటింది. జయకుమారి చేతిలో పొత్రం జారి దొర్లిపోయింది. "ఫ్లెక్సీ కూడా వచ్చేసిందా..." అని ఆవిడ మొదటిసారి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఎందుకమ్మా ఏడుస్తారు? ఫోటో బాగానే వచ్చిందిగా!" అన్నాడు మాబు బిత్తరపోయి.

అందరూ ఫోటో చూసి ఏడుస్తున్నారు. మరియదాసు బోర్డులు రాసే మనిషి. అక్షరాలు కనపడితే, ఎంత దుఃఖంలో ఉన్నా, వంకర టింకర్లు చూడకుండా ఉండలేడు. కన్నీళ్ళ మధ్యనుంచే చదివాడు. డెబ్బై అయిదేళ్ళ పండగకి విచ్చేయు వారికి స్వాగతం, సుస్వాగతం. స్వాగతం పలుకువారు: పి. జోసఫ్, సంఘపెద్ద.

"మాబూ, ఇది నీకు ఎవరిచ్చారు?"

"మాస్టారే. బస్సులో పట్టదని నా ఆటోలో వేశాడు. తొమ్మిదిన్నరకి. నువ్వు పద, నేను టీ తాగి బస్సుకొస్తా అన్నాడు."

"తొమ్మిదిన్నరకా?" నతానియేలు తాత చెయ్యెత్తాడు. "ఎనిమిదిన్నరకల్లా గంట కొట్టడం అయిపోయిందిరా! పోయినవాడు టీ ఎట్టా తాగుతాడు?"

పందిరి కింద ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ ఏం నమ్మాలో తెలియలేదు. చివరికి వెనకాల ఎవరో, "గంట అబద్ధం చెబుద్దా? మాబే టైము తప్పు చూసుంటాడు," అన్నారు. అవునవునన్నారు జనం. అంతమంది చేత లెక్కపెట్టించుకున్న గంట ముందు ఒక ఆటోవాడి గడియారమెంత! "అయినా గంట కొట్టింది మరియదాసేగా. అతన్నే అడగండి, అతనికి కబురు ఎవరు చెప్పారో."

"నేనా?" అన్నాడు మరియదాసు. "నాకు ఇప్పుడు మీరే కదా చెప్పింది!"

అన్నాక అతనికి వెలిగింది. గోనెపట్టా, అరనిమిషానికొక దెబ్బ, చెవుల్లో దూది. ఇప్పుడు నోరు విప్పితే గేటు మరియదాసు అనే పేరే ముద్దుపేరైపోతుంది, ఇంతకంటే ఘోరమైనది ఏదో పెడతారు. స్తంభం పని ఇక కలలోకి కూడా రాదు. గాలికి మోగిందేమో అనేస్తే పోలా? వసారా వైపు చూశాడు. జయకుమారి కళ్ళు మాబు వైపూ అతని వైపూ, అతని వైపూ మాబు వైపూ తిరుగుతున్నాయి. ఆ చూపు ముందు అబద్ధం ఆడటం అతని వల్ల కాలేదు.

"అమ్మగారూ, మాస్టారికేం కాలేదు," అన్నాడు చేతులు కట్టుకుని. "నేను ఎవరి కోసమూ కొట్టలేదు. తుప్పు కోసం కొట్టాను. చెవుల్లో దూది పెట్టుకున్నా, పైన గంట పలుకుతున్నట్టు నాకు తెలీదు. ఇనుము పరీక్ష చేస్తన్నా అమ్మగారూ, అరవై ఎనిమిదో దెబ్బకి కన్నం పడింది, ఆపేశా. అంతే జరిగింది."

జయకుమారి ఒక్క క్షణం అలా చూసి, ఒక్కసారిగా ఏడుస్తూ నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది. "స్తోత్రం ప్రభువా! స్తోత్రం! రానీ, ఆ ఆరో ఇడ్లీ ఎందుకు వద్దన్నారో అడుగుతా!" అని వసారా స్తంభానికి ఆనుకుని కొంగుతో మొహం కప్పుకుంది. ఆడవాళ్ళు వెళ్ళి ఆవిణ్ణి చుట్టేశారు. హమ్మయ్య అన్న మాట పందిరి ఈ చివరనుంచి ఆ చివరిదాకా ప్రయాణం చేసింది.

హమ్మయ్య అయ్యాక కోపం వచ్చింది. "పొద్దున్నుంచీ కోత ఆపుకుని ఏడ్చామే!" అని ఒకరు. "గొయ్యి నడుములోతు తవ్వాం!" అని పారలవాళ్ళు. ఆ గొడవలోనే పర్చూరునుంచి పెట్టె దిగింది, పన్నెండింటి బస్సూ వచ్చి వెళ్ళింది. బస్సు దిగిన జోసఫ్ మాస్టారు తనింటి ముందు పందిరీ పెట్టే చూసి, చెప్పులు విడిచి, తల వంచుకుని వెనక వరసలో నిలబడ్డాడు. పక్కనున్న మనిషిని మెల్లగా అడిగాడు. "పాపం, ఎవరు పోయారు?"

"మీరేనండి," అన్నాడతను మర్యాదగా.

తర్వాత జరిగినదాంట్లో సగం చెప్పదగినది కాదు. మాస్టారు పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు. అది తన కొలతకి సరిగ్గా ఉన్నట్టు గమనించాడు. అప్పుడు ఆయన కంఠం లేచింది.

"ఒరే మరియదాసూ! గేటు తగలేశావు, ఊరుకున్నా. ఇప్పుడు నన్నే తగలేశావా? బుల్లయ్యా! ఎక్కడున్నావు? ఇప్పుడే ఎక్కు. సాయంత్రానికల్లా రంగు వేసెయ్. ఇతను మళ్ళీ సుత్తి పట్టుకుంటే నేనొప్పుకోను!"

"అట్టాగే మాస్టారూ," అని బుల్లయ్య అప్పుడే చొక్కా చేతులు మడిచాడు.

మరియదాసు మూడేళ్ళ ఆశ గుప్పెట్లోంచి జారిపోతోంది. అయినా ఆగలేదు, జేబులోంచి రంగు పెచ్చు తీసి మాస్టారి చేతిలో పెట్టాడు. "పని మీరు ఎవరికైనా ఇవ్వండి. కానీ ముందు ఆ అరవై ఎనిమిదో దెబ్బ చూపించనివ్వండి. బుల్లయ్యే చూడనీ. ఆ తర్వాత మీ ఇష్టం. అయినా గంట నాలిక కట్టమంది మీరేగా మాస్టారూ."

జనం తలలు మాస్టారి వైపు తిరిగాయి. ఆయన పెచ్చు వైపు చూడటం మొదలుపెట్టాడు. ఊరంతా స్తంభం దగ్గరికి కదిలింది. బుల్లయ్య బ్రష్షు చంకలో పెట్టుకుని, ఇంత మాత్రానికేనా అన్నట్టు నవ్వుతూ నిచ్చెనెక్కాడు. పైన ఆ మూలలో వేలు పెట్టాడు. వేలు లోపలికి పోయింది. నాలుగు వేళ్ళు పెట్టాడు, అవీ పోయాయి. నవ్వు కూడా ఆ కన్నంలోకే పోయింది. ఊపిరి బిగబట్టి, ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ దిగాడు.

"నేను వెయ్యను మాస్టారూ," అన్నాడు. "అది ఇనుము కాదు, అప్పడం. ఇతను మోకు కట్టకపోతే ఈపాటికి గంట కిందే ఉండేది. మా అన్న పని మా అన్నే చెయ్యనీ." మూడేళ్ళలో మొదటిసారి మరియదాసుని అన్న అన్నాడు.

జోసఫ్ మాస్టారు గంట వైపు తలెత్తి చూసి, నేల వైపు చూశాడు. సరిగ్గా గంట కింద ముగ్గుపిండితో ఒక గుండ్రని గీత ఉంది. ఆదివారం తన కుర్చీ వెయ్యడానికి ముందురోజు తనే గీయించుకున్నాడు. ఆ కుర్చీలో కూచుని, పిల్లలంతా చుట్టూ నిలబడి పాడుతుండగా, తనే స్వయంగా డెబ్బై అయిదుసార్లు తాడు లాగాలి. ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

"ఎన్నో లాగుడుకి ఊడేదిరా?" అన్నాడు నెమ్మదిగా.

"ఏమోనండి. డెబ్బై అయిదుదాకా మాత్రం ఆగేది కాదు."

మాస్టారు ఆ గీత తొక్కకుండా చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చాడు. తర్వాత మరియదాసుని దగ్గరికి లాక్కుని, నలుగురిలోనే, గట్టిగా కావిలించుకున్నాడు. "పొద్దున్న నన్ను చంపి ఆదివారం బతికించావు కదరా," అన్నాడు. చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. మరియదాసు మొహం కూడా చూడదగ్గదిగా లేదు. జయకుమారి వచ్చి, "చాల్లే, పని చూడండి, మంచు పడుద్ది," అనేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.

ఆ రోజు మనుషులకి కొదవలేదు. పెట్టె మోయడానికి వచ్చిన ఎనిమిదిమంది మోకులూ వాసాలూ వేసి గంటని పదిలంగా దించారు. మట్టిలో పెట్టడమెందుకని, లోపల దూది పరిచి ఉన్న పెట్టెలోనే పడుకోబెట్టారు. గొయ్యి తవ్వినవాళ్ళు తుప్పు గీకే రేకులు అందుకున్నారు. మిరపకోత ఆడవాళ్ళు వైరు బ్రష్షులూ గరుకుకాగితాలూ తీసుకుని, స్తంభం కాలికి ఐదుగురు చొప్పున కూచున్నారు. తుప్పు మందు రాస్తే ఎర్రటిది నల్లబడింది. తుడిచి ఆరబెట్టారు. చచ్చిన మూల కోసేసి వెల్డింగువాడు కొత్త ముక్క అతికాడు. మరియదాసు ప్రతి జానెడూ అరచేత్తో తడిమి చూశాకే బ్రష్షు ముంచాడు. అవతలి రెండు కాళ్ళూ బుల్లయ్య చూసుకున్నాడు. పొద్దుగూకి, చేల మీద మంచు దిగేసరికి స్తంభం నాలుగు కాళ్ళకీ ఎర్ర ప్రైమరు నిండుగా పట్టింది. మధ్యాహ్నానికల్లా గీకాలన్న ఒక్క మాట తప్పితే, పొద్దున వేసుకున్న పథకంలో ఒక్క అక్షరం కూడా తప్పలేదు.

చీకటి పడుతుండగా మాస్టారు గేటు దగ్గర ఆగి, ఊడిన నీలం పెచ్చు గోటితో గిల్లి చూశాడు. "ఏరా, దీనికి కూడా ఓ పూత వేసేస్తావా పనిలో పని?"

"వెయ్యనండి," అన్నాడు మరియదాసు. "పండగ అయ్యాక ముందు గీకుతా."

"గీకు," అన్నాడు మాస్టారు.

ఆదివారం నాటికి స్తంభం వెండిరంగులో నిలబడింది. మాస్టారు ముగ్గు గీత చెరిపించి కుర్చీ పక్కకి వేయించుకున్నాడు గానీ, తాడు మాత్రం తనే లాగాడు. గంట డెబ్బై అయిదుసార్లు మోగాక, నతానియేలు తాత లేచి నిలబడి, అది తన వయసనీ, ఇంకొకటి కొడితేగానీ తను ఇంటికి వెళ్ళననీ భీష్మించుకున్నాడు. డెబ్బై ఆరోది కూడా కొట్టారు, ఊళ్ళో ఆ వయసువాళ్ళెవరూ లేరని మైకులో మూడుసార్లు అడిగి నిర్ధారించుకున్న తర్వాతే.